అర కిలోమీటరు ఊరు: పిల్లల కోసం బెజవాడ, గుంటూరుకు మకాం మార్చేటప్పుడు

ఏటా ఏప్రిల్ 23 దాటగానే బెజవాడలో టులెట్ బోర్డుల వేట మొదలవుతుంది. స్కూళ్లకు సెలవులిచ్చేది అప్పుడే, మళ్లీ తెరిచేది జూన్ 12న. ఈ ఏడు వారాల్లో పల్నాడు పల్లెల నుంచి, ప్రకాశం నుంచి, హైదరాబాద్ నుంచి, అప్పుడప్పుడు గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి కూడా కుటుంబాలు వచ్చి పటమట, కానూరు, గుంటూరు బ్రాడీపేట, లక్ష్మీపురం వీధుల్లో ఇళ్లు చూసుకుంటాయి. ఎందుకు వస్తున్నారంటే అందరి నోటా ఒకటే మాట, "పిల్లల కోసం." కొందరికి ఆ మాటకు అర్థం మంచి స్కూలు. కొందరికి అమ్మమ్మ ఇల్లు దగ్గరవడం. మాటలు ఆలస్యమైన పిల్లాడికి థెరపీ దొరుకుతుందని వచ్చేవాళ్లు కొందరు. ఉన్నచోట పిల్లకు ఒక్క స్నేహితురాలైనా లేదని వచ్చేవాళ్లు ఇంకొందరు.

కారణం ఏదైనా వరస మాత్రం మారదు. ముందు స్కూలు సీటు, తర్వాత ఆఫీసుకు దారి, ఆఖర్న ఆ రెంటికీ కుదిరినచోట ఇల్లు. తిప్పలన్నీ ఈ వరసలోనే ఉన్నాయి. పది లక్షల జనాభా ఉన్న ఊళ్లో పదేళ్ల పిల్లాడికి తెలిసేది ఎంత? అపార్ట్‌మెంటు మెట్లు, సెల్లారు, మలుపులో కిరాణా కొట్టు, ట్యూషన్ మేడమ్ ఇల్లు, వ్యాను ఆగే చోటు. అన్నీ కలిపినా అర కిలోమీటరు. ఆ అర కిలోమీటరులో వాణ్ని పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్లు నలుగురు, వాడి ఈడు పిల్లలు నలుగురు ఉంటే మకాం కుదురుకుంటుంది. లేకపోతే స్కూలుకు ఎంత పేరున్నా దసరా సెలవులకల్లా "మనూరెళ్లిపోదాం" అన్న పేచీ మొదలవుతుంది. అందుకే ఇల్లు ముందు చూసి, ఆ ఇంటికి అందే స్కూళ్లలో ఒకటి ఎంచుకోవడం మేలు.

సాయంత్రం ఐదున్నరకు సెల్లారు

బ్రోకరు ఇల్లు చూపించే వేళ ఉదయం పదకొండు. ఆ వేళకు ఏ అపార్ట్‌మెంటయినా గుడిలా ప్రశాంతంగా ఉంటుంది. చూడాల్సింది మామూలు పని రోజు సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు మధ్య. మరోసారి ఆదివారం పొద్దున.

సెల్లారులోకి దిగి చిన్న సైకిళ్లు లెక్కపెట్టాలి. లెక్క కన్నా సీట్ల మీద దుమ్ము ఎక్కువ చెబుతుంది. ఎనిమిది సైకిళ్లుండి, అన్నిటి మీదా దుమ్ము పేరుకుని, టైర్లలో గాలి లేకపోతే ఆ అపార్ట్‌మెంటులో పిల్లలున్నారు గాని కిందకు దిగరు. స్కూలు నుంచి ఐదున్నరకొచ్చి, పాలు తాగి, ఆరింటికి ట్యూషన్‌కు వెళ్లే పిల్లలన్నమాట. మూడే సైకిళ్లున్నా వాటి చక్రాలకు ఆనాటి బురద అంటి ఉంటే, గోడ మీద బొగ్గుతో గీసిన మూడు వికెట్లుంటే, అక్కడ ఆట ఉంది. లిఫ్టు పక్కన నోటీసు బోర్డు కూడా చదవాలి. "సెల్లారులో పిల్లలు ఆడరాదు" అని అసోసియేషన్ అంటించిన కాగితం ఉంటే, ఆ కమిటీతో వచ్చే రెండేళ్లూ ఎలా గడుస్తాయో అద్దె మాట్లాడకముందే తెలిసిపోతుంది.

ఎంతమంది పిల్లలున్నారని ఓనర్ని అడిగితే "బోలెడుమందండీ" అంటాడు. వాచ్‌మన్ భార్యను అడగాలి. పొద్దున గేటు ముందు ఎన్ని స్కూలు వ్యాన్లు ఆగుతాయో, ఏ ఫ్లాటులో ఎన్నో తరగతి పిల్లలున్నారో, ఎవరు ఎవరితో మాట్లాడరో ఆమెకు తెలిసినంత సెక్రటరీకి కూడా తెలియదు.

అపార్ట్‌మెంటు సైజు బట్టి పిల్లల లెక్క మారుతుంది. మొగల్రాజపురం, లబ్బీపేట, పటమట లోపలి వీధుల్లో పాత అపార్ట్‌మెంట్లు చాలావరకు సెల్లారు మీద నాలుగైదు అంతస్తులు, అంతస్తుకు రెండు మూడు ఫ్లాట్లు. ఉన్న పదీ పదిహేను ఫ్లాట్లలో చాలా వాటిలో, పిల్లలు ఎదిగి విదేశాలకు వెళ్లిపోయిన పెద్దవాళ్లే ఉంటారు. అక్కడ తాతయ్యలు, మామ్మలు దొరుకుతారు, ఈడు పిల్లలు దొరకరు. ఐదేళ్ల లోపు పిల్లలకు అది వరమే, పన్నెండేళ్ల పిల్లాడికి శిక్ష. కానూరు, పోరంకి, గొల్లపూడి వైపు, కృష్ణ దాటితే తాడేపల్లి, మంగళగిరి వైపు వచ్చిన పెద్ద గేటెడ్ అపార్ట్‌మెంట్లలో పిల్లలు ఎక్కువ. కాని గేటు దాటితే హైవేనో సర్వీసు రోడ్డో. పిల్లాడు ఒంటరిగా వెళ్లి కొత్తిమీర కట్ట తెచ్చే కొట్టు ఉండదు. సత్యనారాయణపురంలోనో బ్రాడీపేటలోనో ఉండే పిల్లలకు ఆ స్వేచ్ఛ ఇంకా ఉంది. బ్రాడీపేటకు మరో సౌలభ్యం దాని అడ్రసే. ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని రెండంకెలు గుర్తుంటే ఆరేళ్ల పిల్ల కూడా ఇల్లు చెప్పగలదు.

ఇక ఎవరూ పైకి రాయని ప్రశ్న ఒకటుంది. "మీరేవిట్లండీ?" అంటే మీదే కులమని. అద్దె ఎంతని మనం అడిగేలోపే ఓనరు ఇది అడుగుతాడు. "వెజిటేరియన్స్ ఓన్లీ" బోర్డు కూడా చాలాచోట్ల అదే ప్రశ్నకు మర్యాద వేషం. దళిత, ముస్లిం కుటుంబాలకు ఈ ప్రశ్న దగ్గరే సగం ఇళ్లు మూసుకుపోతాయి. మనవాళ్లున్న చోటే పిల్లలకు అండ అని అనుకునే కుటుంబాలు అలాంటి ఇళ్లనే వెతుక్కుంటాయి కూడా. ఆ అండ నిజమే, పెళ్లికీ చావుకీ మనుషులొస్తారు. కాని ఒకే రకం ఇళ్ల మధ్య పెరిగిన పిల్లలకు కాలేజీ హాస్టల్లో మొదటి నెల ఎంత కష్టమో ఆ లెక్కలోకి రాదు. పైగా ఏ ఇంట్లో ఏ కూర వండారో వాసన చూసే మెట్లెక్కడం పిల్లలకు కూడా ఊపిరాడని వ్యవహారం. ఓనరు మాటల్లో ఈ ధోరణి ఎక్కువగా కనిపిస్తే అద్దె వెయ్యి తక్కువైనా వదిలేయడమే నయం.

గోడ మీద నీటి గీత

2024 ఆగస్టు 31న మొదలైన వానలకు బుడమేరు వాగు గట్లు తెగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద నమోదైంది. అదే వానలో మొగల్రాజపురంలో కొండరాళ్లు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత రంగులేశారు కాబట్టి ముందు గదిలో నీటి గీత కనబడకపోవచ్చు. మీటరు బాక్సు వెనక, మెట్ల కింద, బాత్రూము తలుపు చెక్క అడుగున చూడాలి. ఉబ్బిన చెక్క అబద్ధమాడదు. పక్క కొట్టతన్ని "నీళ్లు ఎన్నో మెట్టు దాకా వచ్చాయి?" అని అడిగితే చేత్తో కొలిచి మరీ చూపిస్తాడు. అంతమాత్రాన ఆ పేటల్ని వదిలేయక్కర్లేదు. సింగ్ నగర్ వైపు ఇరుగుపొరుగు సాయం ఎక్కువ, అద్దెలు తక్కువ. కాకపోతే గ్రౌండ్ ఫ్లోరు వద్దు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పై అరలో ఉంచాలి. కొండ అంచున, రాళ్ల కిందుగా ఉన్న ఇళ్లను మాత్రం ఎంత చవకైనా తీసుకోకూడదు.

గుంటూరులో చూడాల్సింది తాగునీరు. 2018 మార్చిలో పాతబస్తీలో తాగునీటి పైపుల్లోకి మురుగు చేరి అతిసారంతో జనం చనిపోయారు. కుళాయి నీళ్లొచ్చే వేళకు ఇంటికి వెళ్లి, మొదటి ఐదు నిమిషాల నీళ్లు తెల్ల బకెట్లో పట్టి రంగు, వాసన చూడాలి. ఇంటి ముందు పైపు మురుగు కాలువలోంచి వెళుతుంటే ఆ ఇల్లు వదిలేయాలి. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే మరో సంగతి. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి యార్డు నిండుగా నడుస్తుంది, ఆ చుట్టుపక్కల గాలిలో ఘాటు తెలుస్తూనే ఉంటుంది. యార్డుకు దూరంగా ఇల్లు చూసుకోవడం తేలిక, ఇన్‌హేలరుతో నాలుగు నెలలు నెట్టుకురావడం కష్టం.

విజయవాడను ఏలూరు, బందరు, రైవస్ కాలువలు చీలుస్తాయి, గుంటూరును రైలు పట్టాలు చీలుస్తాయి. మ్యాపులో ఎనిమిది వందల మీటర్లున్న స్కూలు, కాలువ వంతెన మీదుగా చుట్టి వెళితే రెండు కిలోమీటర్లవుతుంది. గుంటూరులో శంకర్ విలాస్ వంతెన పాతది తీసి కొత్తది కట్టే పనులు 2025లో మొదలయ్యాక వంతెనకు అటో ఇటో తేల్చుకుని ఇల్లూ స్కూలూ ఒకే వైపు చూసుకోవడం ఇంకా అవసరమైంది. అందుకే స్కూలు టైముకు, అంటే ఎనిమిదింటికి, ఆ దారిన ఒకసారి బండి మీద వెళ్లి చూడాలి.

ఎన్నో తరగతిలో మారితే ఏమవుతుంది

ఇదే అన్నిటికన్నా ఎక్కువ మంది పొరబడే చోటు. పిల్లల మనసు ఒక లెక్క, స్థానికత మరో లెక్క.

మనసు లెక్కన నాలుగో తరగతి లోపు మార్పు తేలిక. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో కష్టం. ఆ వయసులో స్నేహాలే ఇల్లు. కాగితాల లెక్కన చూస్తే, ఇంజనీరింగ్ వంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికులు. ఉమ్మడి శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా యూనివర్సిటీ పరిధి. నెల్లూరు, రాయలసీమ నాలుగు జిల్లాలు శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ పరిధి. విజయవాడ, గుంటూరు రెండూ మొదటి దానిలో ఉన్నాయి. వరుస నాలుగేళ్లు ఒకే పరిధిలో లేకపోతే, రాష్ట్రంలోనే చదివిన ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడుంటే అక్కడ లెక్క. కడపలో పది దాకా చదివి విజయవాడలో ఇంటర్ చేసిన అమ్మాయి, ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు అక్కడ, రెండేళ్లు ఇక్కడ కాబట్టి, సీమ స్థానికురాలే. ఆమెకు ఇబ్బంది లేదు.

ఇబ్బంది హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు. పదో తరగతి దాకా అక్కడ చదివి ఇంటర్‌కు బెజవాడ వస్తే ఆంధ్రలో నాలుగేళ్లూ ఉండవు, ఏడేళ్లూ ఉండవు. తెలంగాణ 2024లో వైద్య విద్యకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా అక్కడే చదవాలన్న నిబంధన పెట్టింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కాబట్టి ఆ కుటుంబం రావాలనుకుంటే ఎనిమిదో తరగతి పూర్తవగానే రావాలి, లేదా ఇంటర్ అక్కడే ముగించుకుని రావాలి. మధ్యలో వస్తే పిల్లాడు రెండు రాష్ట్రాలకూ పొరుగువాడయ్యే ప్రమాదముంది.

ఉద్యోగాల స్థానికతకు ఇంకో కొలత. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో పదో తరగతితో ముగిసే నాలుగేళ్లను చూస్తారు. ఆ ఉత్తర్వుల్లో ఉమ్మడి కృష్ణా రెండో జోన్, ఉమ్మడి గుంటూరు మూడో జోన్. ఆ లెక్కన కృష్ణ వంతెన దాటి తాడేపల్లిలో ఇల్లు తీసుకుని అక్కడి స్కూల్లోనే చేర్చిన పిల్లాడు వేరే జోన్ వాడవుతాడన్నమాట. దీనికోసం ఇల్లు మార్చుకోమని కాదు. నాలుగు నుంచి పది దాకా ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ ఆ ఏడాదే తీసుకుని దాచుకోవాలి. స్కూలు మూతపడ్డాక, పేరు మారాక అడిగితే మండల విద్యాశాఖ కార్యాలయం చుట్టూ తిరగాలి.

సీబీఎస్ఈలో తొమ్మిది, పది కలిపి ఒక కోర్సు. నేరుగా పదిలో చేరడానికి తల్లిదండ్రుల బదిలీ లాంటి కారణం, బోర్డు అనుమతి కావాలి. రాష్ట్ర సిలబస్‌లోకి వచ్చే పిల్లలకు భాషే అడ్డంకి. పదో తరగతిలో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ రాయాలి. హిందీ పాసు మార్కు 20, మిగతావాటికి 35. బెంగళూరులోనో దుబాయ్‌లోనో పెరిగిన పిల్లకు తెలుగు మాట్లాడటం వచ్చినా గుణింతాలు, ఒత్తులు రావు. వేసవిలో రోజుకు అరగంట చొప్పున ఆరు వారాలు పెద్దబాలశిక్ష దగ్గర కూర్చుంటే ఐదో తరగతి పిల్ల పుస్తకం చదవగలదు. ఎనిమిదో తరగతి పిల్లకు ఏడాది పడుతుంది, ఆ ఏడాది మార్కులు తగ్గుతాయని ముందే ఒప్పుకోవాలి.

టీసీ చేతిలో ఉన్నా చాలదు

ప్రాథమిక తరగతుల్లో రికార్డు షీటు, హైస్కూల్లో టీసీ. ఇవి చేతికొచ్చాక పని అయిపోయిందనుకుంటారు. అసలు చిక్కు స్కూళ్లు, విద్యార్థుల వివరాలుండే ఆన్‌లైన్ రికార్డు యూడైస్ ప్లస్‌లో ఉంది. ప్రతి విద్యార్థికీ 11 అంకెల పెన్ నంబరు ఉంటుంది. పాత స్కూలు ఆ పేరును తన జాబితా నుంచి తీసి, స్కూలు వదిలిన పిల్లల పేర్లుంచే డ్రాప్‌బాక్సులో వేస్తేనే కొత్త స్కూలు దాన్ని తనలోకి తీసుకోగలదు. ఫీజు బాకీ ఉంటే కొన్ని ప్రైవేటు స్కూళ్లు టీసీ ఇచ్చి కూడా ఇది చేయవు. పిల్లాడు కొత్త తరగతిలో కూర్చుంటాడు, రికార్డులో పాత ఊళ్లోనే ఉంటాడు. నవంబరులో పదో తరగతి పరీక్షలకు పేర్లు పంపే నామినల్ రోల్స్ నాటికి గాని ఇది బయటపడదు. టీసీ తీసుకునే రోజే ఆఫీసులో కంప్యూటర్ ముందున్న ఆపరేటర్‌ను "డ్రాప్‌బాక్సులో వేశారా?" అని అడిగి, స్క్రీన్ ఫోటో తీసుకోవాలి. ఎలిమెంటరీ తరగతుల పిల్లలకు ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లు టీసీ ఆలస్యమైందన్న సాకుతో చేరిక నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెబుతోంది. ఆ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే చాలు.

పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఒకలా, స్కూలు రికార్డులో ఒకలా ఉంటే పాత ఊళ్లోనే సరిచేసుకోవాలి. కుల ధ్రువీకరణ కూడా అక్కడే తీసుకోవాలి, ఇక్కడి వీఆర్వోకు మీ తాత ఎవరో తెలియదు. వచ్చిన మొదటి వారంలోనే వార్డు సచివాలయానికి వెళ్లి ఇంటి మ్యాపింగ్, అంటే మీ కుటుంబం ఏ సచివాలయం కిందిదన్న నమోదు, మార్చుకోవాలి. తల్లికి వందనం పథకం కింద ఒక్కో పిల్లకు వచ్చే 15,000లో 13,000 తల్లి ఖాతాలో పడతాయి. మ్యాపింగ్ పాత ఊళ్లో, పిల్లలు కొత్త స్కూల్లో ఉంటే ఆ జాబితాలో పేరు వెతుక్కోవాల్సి వస్తుంది. పేద కుటుంబాలు ఒకటో తరగతికి వస్తుంటే, ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం ఉచిత సీట్లకు కొత్త చిరునామా ఆధారం నోటిఫికేషన్ నాటికే చేతిలో ఉండాలి. ఆ సీట్లు ఇంటికి దూరాన్ని బట్టి ఇస్తారు. అద్దె ఒప్పందం మామూలుగా పదకొండు నెలలకే రాస్తారు. గ్యాసుకు పాత ఊళ్లో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచరు తెచ్చుకోవాలి.

ముహూర్తం సంగతి కూడా మరవకూడదు. ఆషాఢంలో ఇల్లు మారరు, అధికమాసం వచ్చిన ఏడాది ఇంకో నెల పోతుంది. దాంతో అందరూ మే నెలలోనే ఎగబడి అద్దెలు పెంచేస్తారు. పట్టింపు లేనివాళ్లకు ఆషాఢమే అదను. జులైలో మంచి ఇళ్లు ఖాళీగా ఉంటాయి, ఓనర్లు దిగివస్తారు. కాని అప్పటికి స్కూలు తెరిచి నెల. జూన్ 12 నుంచి ఓ నెల బంధువులింట ఉండగలిగే కుటుంబానికే ఈ బేరం పనికొస్తుంది.

స్కూలు ఆఫీసులో అడగాల్సినవి

రిజల్ట్ ఫ్లెక్సీలు చూపిస్తూ పీఆర్వో మాట్లాడేది ఎటూ మాట్లాడతాడు. అడగాల్సిన మొదటి ప్రశ్న, కొత్తగా చేరిన పిల్లాణ్ని ఏ సెక్షన్‌లో వేస్తారని. మార్కులను బట్టి సెక్షన్లు కట్టే స్కూళ్లలో కొత్తవాళ్లను ఆఖరి సెక్షన్‌లో కూర్చోబెట్టి, రెండు మూడు వీకెండ్ పరీక్షల తర్వాత పైకి జరుపుతారు. అప్పటికి చేసుకున్న ఒక్క స్నేహితుడూ వెనక ఉండిపోతాడు. సెక్షన్ ఏడాది పొడవునా మార్చబోమని రాతపూర్వకంగా కాకపోయినా నోటి మాటగా ఒప్పించుకోవాలి. రెండో ప్రశ్న, క్లాస్ టీచరు ఈ స్కూల్లో ఎన్నేళ్లుగా ఉన్నారు? ఏడాదికి ముగ్గురు మారే చోట పిల్లాడి సంగతి ఎవరికీ తెలియదు. మూడోది గ్రౌండు. అపార్ట్‌మెంటులాంటి భవనంలో నడిచే స్కూలైతే "పీఈటీ పీరియడ్ ఎక్కడ?" అంటే మేడ మీదని చెబుతారు. మే ఎండలో ఆ మేడ చూసి రావాలి.

యాస మీద ఎగతాళి చిన్న విషయం కాదు. "గిట్ల", "గట్ల" అన్న పిల్లాడికి మొదటి వారంలోనే పేరు పడిపోతుంది. ఇంట్లో యాస మార్చుకోమని పిల్లాణ్ని సరిదిద్దడం మొదలుపెడితే వాడు ఇంట్లోనూ మాట్లాడటం మానేస్తాడు. టీచరుకు ముందే చెప్పడం, క్లాసులో ఒక్క పిల్లవాణ్ని ఆదివారం టిఫినుకు పిలవడం, ఈ రెండే పనిచేస్తాయి. పెసరట్టు ఉప్మా తినేసరికి యాస ఎవరికీ గుర్తుండదు.

ఇంటర్ కోసం తల్లీపిల్లలు కానూరులో, తండ్రి ఊళ్లో పొలం దగ్గర ఉండే ఏర్పాటు ఈ ప్రాంతంలో మామూలే. హాస్టల్ కన్నా నయమని చేస్తారు, చాలావరకు నయమే. అయితే పిల్లాడు ఉదయం ఆరున్నరకు వెళ్లి రాత్రి తొమ్మిదింటికి వస్తే, ఆ ఊళ్లో మకాం ఉన్నది తల్లి ఒక్కతే. ఆమెకు ఇరుగుపొరుగు లేకపోతే ఆ ఇంట్లో మాటలన్నీ మార్కుల మీదకే పోతాయి. ఇలాంటి ఇంటికి స్కూలు పక్క సందు కన్నా, నలుగురు ఆడవాళ్లు సాయంత్రం మెట్ల మీద కూర్చునే సందు మేలు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు

థెరపీ కోసం వచ్చేవాళ్లు ముందు గంటల లెక్క వేసుకోవాలి. వారానికి మూడు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. గొల్లపూడిలో ఇల్లు, సూర్యారావుపేటలో థెరపీ అయితే రానూపోనూ గంటన్నర అనుకుంటే, రెండుంపావు గంటల సాధనకు నాలుగున్నర గంటల ప్రయాణం. మూడో నెలకే సెషన్లు వారానికి ఒకటవుతాయి. విజయవాడలో డాక్టర్లు, థెరపీ సెంటర్లు గవర్నర్‌పేట, సూర్యారావుపేట చుట్టూ, గుంటూరులో కొత్తపేట, అరండల్‌పేట చుట్టూ ఎక్కువ. ఇలాంటి కుటుంబం మాత్రం థెరపీ నుంచి మొదలుపెట్టాలి. థెరపీకి పదిహేను నిమిషాల లోపు ఇల్లు, ఆ తర్వాతే స్కూలు.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ పాత జిల్లాలోనే పూర్తిచేసుకుని రావడం తేలిక. పింఛను వస్తుంటే బదిలీకి సచివాలయంలో వెంటనే పెట్టుకోవాలి, మధ్యలో ఒకటి రెండు నెలలు అటూ ఇటూ కావచ్చని డబ్బు విడిగా ఉంచుకోవాలి. సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు, ఫిజియోథెరపీ ఉచితం. ప్రైవేటు సెంటర్లకే వెళ్లేవాళ్లు కూడా అక్కడ ఒకసారి కూర్చోవాలి. అదే దారిన నడిచే తల్లులు కలిసేది అక్కడే, ఏ థెరపిస్టు మాట నిలబెట్టుకుంటారో తెలిసేదీ అక్కడే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటివి ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్టు నిరామయ బీమా ఏడాదికి లక్ష దాకా వర్తిస్తుంది. థెరపీ ఖర్చులూ అందులో ఉంటాయి. మామూలు స్కూల్లో చేర్చేటప్పుడు సంగతి దాచి చేర్చొద్దు. దాచి చేర్చిన సీటు మొదటి పేచీతోనే పోతుంది.

సాయంత్రం నాలుగింటికి ఎవరొస్తారు

బంధువులున్నారని ఊరు ఎంచుకునేవాళ్లు ఒక పరీక్ష పెట్టుకోవాలి. వ్యాను చెడిపోయి నాలుగింటికి పిల్ల స్కూలు గేటు దగ్గర నిలబడితే, ఇరవై నిమిషాల్లో వచ్చి తీసుకెళ్లగలవాళ్లు ఎవరు? గుంటూరులో ఉన్న పిన్ని విజయవాడ కుటుంబానికి పండగ బంధువే, నాలుగింటి బంధువు కాదు. ముప్పై అయిదు కిలోమీటర్లు, వారధి మీద ట్రాఫిక్. అలాంటివాళ్లు ఇద్దరి పేర్లయినా కాగితం మీద రాలేదంటే ఇంకో పేట చూసుకోవాలి, లేదా ఆ ఇద్దరిని సంపాదించుకునే దాకా ఇంట్లో ఒకరు పనివేళలు తగ్గించుకోవాలి. స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఆ రెండు ఫోన్ నంబర్లు, ఆ ఇద్దరి ఫోటోలు మొదటి రోజే ఇచ్చి ఉంచాలి.

ముఖాలు పదేపదే కనబడితేనే పరిచయం ముదురుతుంది. కాబట్టి పిల్లాణ్ని వారానికి ఐదు రకాల క్లాసుల్లో వేయడం కన్నా ఒక్కచోటికే ఐదు రోజులు పంపడం మంచిది. విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలోనో గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలోనో పొద్దున ఆరింటికి పరిగెత్తే గుంపు, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం, వీధి చివర గుడో చర్చో మసీదో, ఏదో ఒకటి. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లడానికి పిల్లాడు తనంతట తానే ఒక తోడును వెతుక్కున్నాడంటే పని చాలావరకు అయినట్టే.

మొదటి మూడు నెలల్లో గమనించాల్సింది మార్కులు కాదు. లంచ్ బాక్సు ఎవరితో తింటున్నాడో, ఇంట్లో కొత్త పేర్లు వినబడుతున్నాయా లేదా అన్నది. ఆగస్టు 15 దాకా ఒక్క పేరూ వినబడకపోతే టీచరును కలవాలి. తిండి తగ్గడం, పొద్దున్నే కడుపునొప్పి, ఆదివారం రాత్రి ఏడుపు రెండు వారాలు సాగితే పిల్లల డాక్టరును చూడాలి. పాత ఊళ్లో ఇల్లుంటే మొదటి ఏడాది అమ్మొద్దు, ఇక్కడ ఫ్లాటు కొనొద్దు. తిరిగి వెళ్లక తప్పదనిపిస్తే నిర్ణయం సంక్రాంతి లోపు తీసుకుని, పాత స్కూలుతో సీటు మాట్లాడుకుని, ఏప్రిల్‌లో పరీక్షలు రాయించి కదలాలి. తొమ్మిదో తరగతి పిల్లలుంటే ఈ నిర్ణయాన్ని ఎంత ఆలస్యమైనా మార్చి నెల దాటనివ్వకూడదు.